గులాబీ నిలవ: పన్నీటి బట్టీ నుంచి శీతల గది దాకా

కోసిన గులాబీకి ఆయువు తక్కువ. ఎండ కాలంలో నీరు అందకుండా ఉంచితే ఒక పూటలోనే రేకులు వడలి, అంచులు నల్లబడి, తొడిమ నుంచి రాలిపోతాయి. ఇటువంటి పూవును నిలవ చేసుకోవాలన్న ప్రయత్నం రెండు వేల ఏళ్లకు పైబడి సాగుతున్నదే అయినా, ఆ ప్రయత్నం అన్ని చోట్లా ఒకే లక్ష్యంతో జరగలేదు. గులాబీకి రూపం, పరిమళం, రుచి అనే మూడు గుణాలు ఉండగా, ఒక్కొక్క సమాజం వాటిలో ఒకదాన్ని ఎంచుకొని, దాని కోసం మిగిలినవాటిని వదులుకోవడానికి సిద్ధపడింది. పశ్చిమాసియాలోను, భారతదేశంలోను సుమారు వెయ్యేళ్లపాటు పరిమళాన్ని దాచి పూవును పారవేయడం పద్ధతిగా ఉండగా, గత నూటయాభై ఏళ్లలో ఎదిగిన కోతపూల వ్యాపారం, అంటే పొడుగాటి కాడతో కోసి జాడీలో అమర్చే పూల వ్యాపారం, రూపాన్ని దాచి పరిమళాన్ని చేజార్చుకున్నది. ఏది దాచాలన్న నిర్ణయాన్ని ఆయా కాలాల ఆచారం, రవాణా, పరిజ్ఞానం కలిసి చేశాయి గనుక, గులాబీ నిలవ చరిత్రను ఈ మూడింటి చరిత్రగానే చదవవలసి ఉంటుంది.

రూపాన్ని కాపాడాలన్న కోరిక ప్రాచీనమైనదే. ఈజిప్టులోని ఫయ్యూమ్ ప్రాంతంలో హవారా అనే చోట రోమన్ పాలన కాలపు సమాధులను 1888లో తవ్విన ఫ్లిండర్స్ పెట్రీకి, మృతదేహాలతో పాటు ఉంచిన గులాబీ దండలు ఎండి ముడుచుకుపోయిన స్థితిలో దొరికాయి. వాటిని పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞులు, ఆ పూలను విచ్చుకోకముందే, మొగ్గ దశలోనే కోశారని, రేకులు రాలకుండా ఉండడానికే అలా చేసి ఉంటారని గుర్తించారు. నేటి పూలతోటల్లో కూడా గులాబీని పూర్తిగా విచ్చుకోకముందే కోస్తారు కాబట్టి, ఈ ఒక్క కిటుకు దాదాపు రెండు వేల ఏళ్లుగా మారలేదని చెప్పవచ్చు. ఆ దండల నాటి రోమన్ కాలంలోనే రోము నగరపు సంపన్నులు చలికాలంలో సైతం గులాబీలు కావాలని కోరగా, ఈజిప్టు నుంచి ఓడల్లో పూలు తెప్పించడం, వేడినీటి సాయంతో అకాలంలో పూయించడం వంటి పనులు జరిగేవి. తత్వవేత్త సెనెకా ఆ విలాసాన్ని నిరసించగా, మార్షల్ అనే కవి రోములోనే చలికాలపు గులాబీలు సమృద్ధిగా పూస్తున్నందున ఈజిప్టు పంపే కానుకకు విలువ తగ్గిందని చమత్కరించాడు. అయితే ఇవన్నీ పూవును మరికొన్ని దినాలు నిలిపేవే తప్ప నెలల తరబడి దాచగలిగేవి కావు.

పరిమళాన్ని పూవు నుంచి వేరు చేయడంతోనే అసలైన నిలవ సాధ్యపడింది. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే గులాబీ రేకులను నూనెలో నానబెట్టి సువాసనను నూనెకు పట్టించే పద్ధతిని వివరించాడు. ఇంతకంటె శుద్ధమైన మార్గం బట్టీ పట్టడం, అనగా రేకులను నీటితో కలిపి మరిగించి, వచ్చిన ఆవిరిని చల్లార్చి మళ్లీ ద్రవంగా, అంటే పన్నీరుగా, పట్టుకోవడం. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో జీవించిన అల్ కిందీ పేరిట ఉన్న సుగంధ రసాయన గ్రంథంలో ఈ ప్రక్రియకు సంబంధించిన వివరాలు ఎన్నో కనిపిస్తాయి. ఆ శతాబ్దానికే పారశీక దేశంలోని ఫార్స్ మండలం ఖలీఫా ఖజానాకు చెల్లించే వార్షిక కప్పంలో ముప్పయి వేల సీసాల పన్నీరు ఉండేదని ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్ర గ్రంథంలో పేర్కొన్నాడు. అదే మండలంలోని జూర్ పట్టణపు పన్నీరు భారతదేశానికి, చైనాకు, ఈజిప్టుకు, ఉత్తర ఆఫ్రికాలోని మగ్రిబ్‌కు సైతం ఎగుమతి అయ్యేదని పదో శతాబ్దపు అరబ్బు భూగోళవేత్తల రచనల వల్ల తెలుస్తుంది. పూవుగా ఊరి పొలిమేర దాటలేని గులాబీ, నీరుగా మారి సముద్రాలు దాటింది.

ఈ నీటికి గులాబీ వాసన అంత గాఢంగా పట్టడానికి కారణం ఉంది. గులాబీ పరిమళంలో వందల కొద్దీ రసాయనాలు ఉన్నప్పటికీ, వాటిలో ఫినైల్ ఇథనాల్ అనేది నీటిలో కొంతవరకు కరుగుతుంది గనుక, బట్టీ పట్టినప్పుడు దానిలో ఎక్కువ భాగం నీటిలోనే ఉండిపోతుంది. సిట్రనెల్లాల్, జెరానియాల్ వంటివి నీటిలో సరిగా కరగవు కాబట్టి నూనెగా పైకి తేలుతాయి. పన్నీరు, అత్తరు అనే రెండు వేర్వేరు సరుకులు ఒకే పూవు నుంచి పుట్టడానికి మూలం ఈ తేడాయే.

పన్నీరు తెలుగునాటి తీరానికి చేరిందనడానికి శాసనాధారం ఉంది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, అంతవరకు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే ఆచారాన్ని రద్దు చేసి, విదేశీ వర్తకుల నుంచి నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని హామీ ఇచ్చింది. ఆ సుంకాల పట్టికలో చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, జవ్వాది, రాగి, పట్టునూలు, మిరియాల వంటి వాటితో పాటు పన్నీరు కూడా ఉంది. రాజ్యం సుంకం నిర్ణయించవలసినంతగా ఆ సరుకు రాకపోకలు సాగించిందన్న మాట. సువాసన ద్రవ్యాలు, లోహాల వరుసలో దాన్ని చేర్చడాన్ని బట్టి, పదమూడో శతాబ్దపు వర్తకుడి దృష్టిలో పన్నీరు చెడిపోయే పూల సరుకు కాదని, నెలల ప్రయాణానికి ఓర్చుకునే విలువైన సరుకని గ్రహించవచ్చు.

భారతదేశంలో పరిమళాన్ని నిలవ చేయడానికి అంత ఆదరణ దొరికి, పూవును నిలవ చేయడానికి దొరకకపోవడం వెనుక పూజా సంప్రదాయం పాత్ర కూడా ఉన్నట్లు తోస్తుంది. దేవుడికి సమర్పించి తీసివేసిన పూలను నిర్మాల్యం అంటారు. కోసి రాత్రంతా ఉంచిన పూలను పర్యుషితాలు, అంటే పాచిపోయినవి అని పరిగణించి పూజకు పనికిరావని శాస్త్రాలు చెబుతాయి. తులసికి, మారేడు పత్రికి మాత్రం ఈ దోషం అంటదని మినహాయింపు ఉంది. ఏ పూటకు ఆ పూట కోసిన పూలే కావలసిన సమాజంలో పూవును వారం రోజులు నిలపవలసిన అగత్యం కలగలేదు. సిగలో ముడుచుకునే పూలకైనా, దండలు కట్టే విడి పూలకైనా, తడి గోనెపట్టా కప్పడం, అరటి ఆకులో పొట్లం కట్టడం, మధ్యమధ్య నీళ్లు చిలకరించడం సరిపోయేవి. పరిమళం సంగతి అలా కాదు. గులాబీలు పూయని మాసాల్లో కూడా అభిషేకానికి, పెండ్లికి, దర్గాల ఉరుసుకు పన్నీరు కావలసి వచ్చేది. అతిథుల మీద పన్నీరు చిలకరించే పొడుగు మెడ వెండి బుడ్డి, దానినే గులాబ్‌పాష్ అని కూడా అంటారు, తెలుగు ఇళ్లలో మతభేదం లేకుండా శుభకార్యపు సామగ్రిగా స్థిరపడింది.

మొగలుల కాలానికి ఈ విద్య మరొక మెట్టు ఎక్కింది. అక్బరు కొలువులో సువాసన ద్రవ్యాల కోసం ప్రత్యేక శాఖ ఉండేదని ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ ఐనే అక్బరీలో వివరించాడు. జహంగీరు తన స్వీయచరిత్రలో, నూర్జహాను తల్లి అస్మత్ బేగం పన్నీరు తయారు చేయిస్తుండగా, వేడి పన్నీటిని పళ్లెంలో పోసినప్పుడు దాని మీద తెట్టె కట్టినట్లు నూనె తేలడం గమనించి, ఆ నూనెను కొద్దికొద్దిగా సేకరించిందని, ఒక్క బొట్టు అరచేతిలో రాసుకుంటే సభ అంతా గుబాళించేదని రాశాడు. అందుకు ఆయన ఆమెకు ముత్యాల హారం బహూకరించగా, అక్బరు భార్య సలీమా సుల్తాన్ బేగం ఆ నూనెకు జహంగీరు పేరే పెట్టింది. పన్నీటితో నింపిన కాలువలో నూర్జహాను విహరిస్తుండగా అత్తరు బయటపడిందన్న కథ తరువాతి కాలంలో ప్రచారానికి వచ్చినది. చక్రవర్తి స్వయంగా రాసుకున్న వృత్తాంతంలో కాలువ ప్రసక్తి లేదు, పళ్లెమే ఉంది.

ఈ నూనె తెట్టె కట్టడం వెనుక ఒక భౌతిక ధర్మం ఉంది. గులాబీ నూనెలో మైనం వంటి పదార్థం కొంత కలిసి ఉండడం వల్ల, చల్లదనం తగిలితే అది గడ్డకట్టి పైపొరగా ఏర్పడుతుంది. ఉత్తర భారత పనివారు ఈ ధర్మాన్నే వృత్తి రహస్యంగా మార్చుకున్నారు. 1824లో గంగ మీదుగా ప్రయాణించిన కలకత్తా బిషప్ హెబర్, గాజీపూర్ పట్టణం చుట్టూ వందల ఎకరాల గులాబీ తోటలు ఉన్నాయని, అక్కడి వారు బట్టీ దింపిన పన్నీటిని వెడల్పు పాత్రల్లో పోసి రాత్రంతా ఆరుబయట ఉంచి, పొద్దు పొడిచే వేళకు పైన పేరుకున్న నూనెను తీసేవారని వర్ణించాడు. ఒక రూపాయి తూకం అత్తరుకు రెండు లక్షల పూలు కావాలని అక్కడివారు ఆయనకు చెప్పారు. ఎక్కువ నూనెనిచ్చే చల్లని ప్రాంతాల్లో సైతం కిలో గులాబీ నూనెకు మూడు, నాలుగు టన్నుల రేకులు పడతాయంటే, పరిమళాన్ని దాచడానికి ఎంత పూవును త్యాగం చేయవలసి వచ్చేదో ఊహించవచ్చు.

గాజీపూర్ వైభవం తగ్గినా, కన్నౌజ్ పట్టణంలో ఆ పని నేటికీ పాత పరికరాలతోనే సాగుతున్నది. దేగ్ అనే రాగి బానలో రేకులు, నీరు వేసి, మూతను మట్టి, దూది కలిపిన ముద్దతో బిగించి, కట్టెలతో గాని పిడకలతో గాని మంట పెడతారు. తాడు చుట్టిన వెదురు గొట్టం గుండా ఆవిరి భప్కా అనే సన్నమెడ రాగి కుండలోకి చేరుతుంది. ఆ కుండను నీటి తొట్టిలో ముంచి ఉంచుతారు కాబట్టి ఆవిరి అక్కడ ద్రవంగా మారుతుంది. పన్నీరు కావాలంటే భప్కాను ఖాళీగా ఉంచుతారు; అత్తరు కావాలంటే ముందుగానే అందులో చందన తైలం పోసి ఉంచుతారు. త్వరగా ఎగిరిపోయే గులాబీ పరిమళాన్ని నిదానంగా ఎగిరే చందనం పట్టి ఉంచుతుంది. చివరకు ఒంటె తోలుతో చేసిన కుప్పీ అనే సీసాలో పోసి ఉంచితే, మిగిలిన తడి తోలు గుండా ఆరిపోయి అత్తరు పక్వమవుతుంది. పరిమళం ఎండకు ఆవిరైపోతుంది కాబట్టి పూలను తెల్లవారుజామునే కోసి, ఆ పూటే బట్టీకి ఎక్కించడం ఈ వృత్తిలో తప్పనిసరి. చార్మినార్ పరిసరాల్లోని అత్తరు దుకాణాలు ఈ సంప్రదాయాన్ని తెలుగువారికి నేటికీ చేరువలో ఉంచుతున్నాయి.

రుచిని నిలవ చేసిన పద్ధతి గుల్కందు. రేకులను, చక్కెరను పొరలు పొరలుగా జాడీలో పేర్చి, మూత బిగించి, కొన్ని వారాలు ఎండలో ఉంచితే, చక్కెర రేకుల్లోని నీటిని లాగి పాకంగా మారుతుంది. చెమ్మంతా చక్కెరకు అంకితమైపోయి సూక్ష్మజీవులకు అందకుండా పోవడమే ఇందులోని నిలవ సూత్రం. ఉప్పుతో ఊరగాయ నిలిచినట్లే గులాబీ ఇక్కడ తీపితో నిలుస్తుంది. యునానీ వైద్యంలో చలవ మందుగా వాడిన గుల్కందు, హైదరాబాదు మీఠా కిళ్లీ ద్వారా సామాన్యుల నోటికి చేరింది. ఐరోపాలో మాత్రం రూపం మీద మక్కువ మిగిలే ఉంది. ఇంగ్లండులో హ్యూ ప్లాట్ 1602 నాటికి ప్రచురించిన గృహవిద్యా గ్రంథంలో, మరీ మొగ్గ గాని, మరీ విచ్చినది గాని కాని గులాబీ రేకులను ఎండు ఇసుకలో పరచి, ముడతలు పడకుండా ఎండబెట్టే విధానం ఉంది. ఇసుక స్థానంలో నేడు సిలికా జెల్ అనే తేమ పీల్చే గుళికలు వాడుతున్నారు.

పూవును పూవుగానే దాచవలసిన ఆర్థిక అవసరం పందొమ్మిదో శతాబ్ది రెండో సగంలో పుట్టింది. 1867లో ఫ్రాన్సులో గియో రూపొందించిన లా ఫ్రాన్స్ అనే గులాబీని తొలి హైబ్రిడ్ టీ రకంగా లెక్కిస్తారు. ఏడాదిలో పలుమార్లు పూసే గుణం, నిడుపాటి మొగ్గ ఈ తరగతి లక్షణాలు. ఫ్రాన్సులోనే పుట్టి 1880లలో అమెరికాలో అమెరికన్ బ్యూటీ అన్న పేరుతో అమ్ముడుపోయిన మరొక గులాబీ, పొడుగు కాడ వల్ల ఖరీదైన కానుకగా పేరు పొందింది. అద్దాల గృహాల్లో పెంచి రైళ్ల మీద పట్టణాలకు పంపే వ్యాపారం వ్యాపించాక, దారిలోనే పూలు చెడిపోవడం పెద్ద నష్టంగా మారింది. ఆ నష్టాల్లో ఒకదాని కారణాన్ని వెతకడం వృక్షశాస్త్రాన్నే ముందుకు నడిపింది. వీధి దీపాలకు వాడే బొగ్గు గ్యాసు మొక్కల పెరుగుదలను వికృతం చేస్తున్నదని గమనించిన రష్యా శాస్త్రజ్ఞుడు నెల్యుబోవ్, దానికి కారకం ఇథిలీన్ అనే వాయువని 1901లో తేల్చాడు. గ్యాసు తగిలిన కార్నేషన్ పూలు విచ్చుకోకుండా ముడుచుకుపోతున్నాయన్న పూల వర్తకుల ఫిర్యాదు మీద పరిశోధించిన క్రోకర్, నైట్ 1908లో అత్యల్ప మోతాదు ఇథిలీన్ కూడా అందుకు చాలునని నిరూపించారు. ఈ వాయువును పండే పండ్లు, వాడే పూలు కూడా స్వయంగా విడుదల చేస్తాయని తరువాత తెలిసింది.

ఇరవయ్యో శతాబ్దపు పరిశోధనలు కోసిన గులాబీ వాడిపోవడానికి నాలుగు కారణాలను విడదీసి చూపాయి. మొదటిది దాహం: కాడ కోసిన క్షణంలో నీటిని మోసే నాళాల్లోకి గాలి చొరబడుతుంది, ఆ తరువాత జాడీ నీటిలో పెరిగే బాక్టీరియా ఆ నాళాల నోళ్లను మూసివేస్తుంది, అప్పుడు జాడీ నిండా నీరున్నా పూవు మెడ వాల్చేస్తుంది. కాడను నీటిలో ముంచి ఏటవాలుగా కోయడం, నీటిని ఆమ్లగుణంతో ఉంచడం, బాక్టీరియాను అణచే మందు కలపడం దీనికి విరుగుడు. రెండోది ఆకలి: మొక్క నుంచి వేరైన మొగ్గకు విచ్చుకోవడానికి తగిన చక్కెర అందదు, నిలవలు తరిగిన రేకుల్లో మాంసకృత్తులు విరిగి అమ్మోనియా పుట్టడం వల్లనే ఎర్ర గులాబీ వాడేముందు నీలి ఛాయకు తిరుగుతుంది. నీటిలో కొద్దిపాటి చక్కెర కలిపితే ఈ మార్పు ఆలస్యమవుతుంది, కాని మందు లేని ఒట్టి చక్కెర బాక్టీరియాకే మేత అవుతుంది. మూడోది ఇథిలీన్, నాలుగోది వేడి. చక్కెర, ఆమ్లం, క్రిమినాశని కలిసిన పూల ఆహారాన్ని 1938లో షికాగోలో మొదలైన ఫ్లోరాలైఫ్ సంస్థ వాణిజ్య సరుకుగా అమ్మింది. వెండి అయాన్లు ఇథిలీన్ ప్రభావాన్ని అడ్డుకుంటాయని 1976లో బేయర్ చూపగా, రెండేళ్లకు డచ్చి శాస్త్రజ్ఞులు వెండి థయోసల్ఫేట్ ద్రావణాన్ని పూలకు వాడే పద్ధతి కనిపెట్టారు. భారలోహమైన వెండి నీటి వనరులను కలుషితం చేస్తుందన్న ఆందోళన పెరిగిన తరుణంలో, నార్త్ కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన సిస్లర్, బ్లాంకెన్‌షిప్ 1996లో పేటెంటు పొందిన మిథైల్‌సైక్లోప్రొపీన్ అనే వాయువు ప్రత్యామ్నాయంగా వచ్చింది. ఇథిలీన్ అతుక్కోవలసిన గ్రాహకాలను ఇది ముందే ఆక్రమిస్తుంది.

ఈ ఉపాయాలన్నిటి కంటె బలమైనది చల్లదనమే. సున్నా నుంచి రెండు డిగ్రీల సెల్సియస్ వద్ద గులాబీ శ్వాసక్రియ బాగా మందగించి, నిలవ చక్కెర పొదుపుగా ఖర్చవుతుంది. పొలం నుంచి దుకాణం వరకు చల్లదనం తెగకుండా చూసే ఏర్పాటును శీతల గొలుసు అంటారు. అది ఏర్పడ్డాక గులాబీ తోటలు పట్టణాల శివార్లను వదలి, ఏడాది పొడవునా పన్నెండు గంటల పగలు, చల్లని రాత్రులు ఉండే భూమధ్యరేఖా పీఠభూములకు, కొలంబియాలోని బొగోటా మైదానానికి, కెన్యాలోని నైవాషా సరస్సు తీరానికి తరలాయి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో స్థానిక రైతుల వేలంగా మొదలైన నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మేర్ మార్కెట్టు ప్రపంచ పూల వ్యాపార కేంద్రమయింది. అక్కడ గడియారపు ముల్లు ఎక్కువ ధర నుంచి దిగుతూ వస్తుండగా మొదట మీట నొక్కినవారికి సరుకు దక్కుతుంది. దక్షిణ భారతంలో బెంగళూరు, హోసూరు పరిసరాలు ఎగుమతి గులాబీలకు నిలయాలు కాగా, హైదరాబాదుకు పడమరనున్న చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో 2005లో మొదలైన జాతీయ ఉద్యాన మిషన్ రాయితీల తోడ్పాటుతో పాలీహౌసులు, అంటే ప్లాస్టిక్ పొర కప్పిన పెంపక గృహాలు విస్తరించాయి. హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో కిలోల లెక్కన తూచే విడి గులాబీ, కట్టల లెక్కన అమ్మే కాడ గులాబీ ఒకే చోట కనిపించడం ఈ రెండు సంప్రదాయాల సహజీవనానికి నిదర్శనం.

రూపం నిలిచిన ఈ క్రమంలో పరిమళం వెనుకబడింది. కాడ పొడవు, రేకు గట్టిదనం, జాడీలో నిలిచే రోజులు చూసి కొత్త రకాలను ఎంపిక చేసిన పెంపకందార్లకు సువాసన అంతగా పట్టలేదు. పెట్టెలో ప్రయాణించే పూవును కొనేవాడు వాసన చూడడు. ఫ్రాన్సు పరిశోధకులు 2015లో సైన్స్ పత్రికలో ప్రకటించిన అధ్యయనం, గుబాళించే పాపా మెయాన్ రకాన్ని, వాసన అంతగా లేని రూజ్ మెయాన్ రకాన్ని పోల్చి, జెరానియాల్ వంటి పరిమళ ద్రవ్యాల తయారీకి మూలమైన ఒక జన్యువు రెండో దానిలో దాదాపుగా పనిచేయడం లేదని కనుగొన్నది. గ్లిజరిన్ ఎక్కించి ఏడాదికి పైగా మెత్తగా ఉంచే ‘శాశ్వత’ గులాబీలు ఈ ధోరణికి చివరి మజిలీ. వాటికి సువాసన కావాలంటే సీసాలోంచి తెచ్చి అద్దవలసిందే.

జన్యువు తెలిసిన తరువాత పరిమళాన్ని, ఆయువును ఒకే పూవులో కలిపే ప్రయత్నాలకు పునాది ఏర్పడింది. అంతవరకు గులాబీ నిలవ అంటే ఏ గుణాన్ని వదులుకోవాలో నిర్ణయించుకోవడమే. మోటుపల్లి వర్తకుడు పూవును వదులుకున్నాడు, ఆల్స్‌మేర్ వర్తకుడు వాసనను వదులుకున్నాడు. వారిద్దరూ తమ కాలపు రవాణాకు, గిరాకీకి తగినదే చేశారు. నేటి తెలుగు పెండ్లి మాత్రం ఈ రెండు నష్టాలనూ ఒకే ఖర్చుల పట్టీలో పూరించుకుంటున్నది: వేదిక అలంకారానికి చేవెళ్ల నుంచో హోసూరు నుంచో వాసన లేని గులాబీలు వస్తున్నాయి, ద్వారం దగ్గర చిలకరించడానికి పన్నీరు సీసా వేరే దుకాణం నుంచి వస్తున్నది.